జాతీయ సీడ్ (కళాశాల బేస్‌బాల్)

జాతీయ సీడ్ అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ప్రతి సంవత్సరం జరిగే ఎన్.సి.ఎ.ఎ. డివిజన్ 1 బేస్‌బాల్ టోర్నమెంటులో అగ్రశ్రేణి జట్లకు ఇచ్చే వరుస సంఖ్య. ఎన్.సి.ఎ.ఎ. అనగా నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్. ఇది అమెరికాలోని కళాశాలల, విశ్వవిద్యాలయాల క్రీడలను నిర్వహించే సంస్థ. టోర్నమెంటులో పాల్గొనే 64 జట్లలో అత్యుత్తమమైనవిగా ఎంపిక సంఘం భావించిన జట్లకు మాత్రమే ఈ సంఖ్య లభిస్తుంది. 1999 నుండి 2017 వరకు 8 జట్లకు జాతీయ సీడ్లు ఇచ్చేవారు. 2018లో వీటి సంఖ్యను 16కు పెంచారు.

మొదటి 16 జాతీయ సీడ్లలో ఉన్న జట్టుకు టోర్నమెంటు తొలి దశ పోటీలను సొంత మైదానంలో ఆడే అవకాశం సాధారణంగా కలుగుతుంది. మొదటి ఎనిమిది సీడ్లలో ఉన్న జట్టు తొలి దశలో గెలిస్తే రెండవ దశను కూడా సొంత ఊరిలోనే ఆడవచ్చును. ఈ కారణంగా ఫిబ్రవరి నుండి మే నెల వరకు సాగే సుదీర్ఘమైన ఆటకాలంలో పెద్ద జట్లన్నీ ఈ సంఖ్య కోసం పోటీ పడతాయి. అయితే సీడ్ గెలుపుకు హామీ కాదు. 1999లో మయామీ విశ్వవిద్యాలయం మొదటి సీడ్‌తో విజేతగా నిలిచిన తరువాత, మొదటి సీడ్ పొందిన మరొక జట్టు విజేత కావడానికి 25 సంవత్సరాలు పట్టినది.

నేపథ్యం

కళాశాల బేస్‌బాల్ జాతీయ టోర్నమెంటు 1947లో మొదలైనది. ఆ సంవత్సరం 8 జట్లు మాత్రమే పాల్గొన్నాయి. మిచిగన్ రాష్ట్రంలోని కలమజూ నగరంలో జరిగిన తుది పోటీలలో కాలిఫోర్నియా జట్టు యేల్ జట్టును ఓడించినది. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన జార్జి హెచ్. డబ్ల్యు. బుష్ అప్పటి యేల్ జట్టులో ఆటగాడు. 1948లో కూడా తుది పోటీలు కలమజూలోనే జరిగాయి. 1949లో వాటిని కాన్సస్ రాష్ట్రంలోని విచిటాలో నిర్వహించారు. 1950 నుండి ఇవి నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహా నగరంలో జరుగుతున్నాయి. తుది దశకు కాలేజ్ వరల్డ్ సిరీస్ అని పేరు. కళాశాల ఆటగాళ్ళ వాడుకలో "ఒమాహాకు వెళ్ళడం" అంటే తుది ఎనిమిది జట్లలో ఒకటిగా నిలవడమే.

టోర్నమెంటు పరిమాణం క్రమంగా పెరుగుతూ వచ్చినది. 1998లో 48 జట్లు పాల్గొన్నాయి. వాటిని ఆరేసి జట్లు గల ఎనిమిది ప్రాంతీయ పోటీలుగా విభజించారు. 1999లో జట్ల సంఖ్యను 64కు పెంచి, సూపర్ రీజనల్ అనే కొత్త దశను చేర్చారు. జాతీయ సీడ్ల ప్రస్తుత రూపానికి మూలం ఈ మార్పులోనే ఉన్నది. 2020లో కోవిడ్-19 వ్యాధి వ్యాప్తి వలన టోర్నమెంటు రద్దయినది. 2021లో అదే కారణంగా ఆతిథ్య స్థలాలను సీడ్ల ప్రకటనకు చాలా ముందుగానే నిర్ణయించవలసి వచ్చినది.

టోర్నమెంటు నిర్మాణం

సీడ్ విలువ అర్థం కావాలంటే టోర్నమెంటు నడిచే తీరును తెలుసుకొనవలెను. ఇందులో మూడు దశలు ఉన్నాయి.

రీజనల్: 64 జట్లను నాలుగేసి జట్లు గల 16 సమూహాలుగా విభజిస్తారు. ఒక్కొక్క సమూహం పోటీలు ఒకే మైదానంలో జరుగుతాయి. రెండు సార్లు ఓడిన జట్టు నిష్క్రమిస్తుంది. ప్రతి సమూహంలోని నాలుగు జట్లకు 1 నుండి 4 వరకు సంఖ్యలు ఉంటాయి. ఇవి జాతీయ సీడ్ల కంటె వేరైనవి. మొదటి 16 జాతీయ సీడ్లలో ఉన్న జట్టు తన సమూహంలో 1వ సంఖ్య జట్టుగా ఉంటుంది.

సూపర్ రీజనల్: 16 సమూహాల విజేతలు రెండేసి జట్లుగా తలపడతాయి. మూడు ఆటలలో రెండు గెలిచిన జట్టు తుది దశకు చేరుతుంది. 16 సీడ్ల పద్ధతిలో 1వ సీడ్ సమూహానికి 16వ సీడ్ సమూహం, 2వ సీడ్ సమూహానికి 15వ సీడ్ సమూహం ఎదురుగా ఉంటాయి. మిగిలినవి కూడా ఇదే క్రమంలో ఉంటాయి. రెండు జట్లలో మెరుగైన సీడ్ గల జట్టు ఆతిథ్యం ఇస్తుంది. సీడ్ గల జట్లు రెండూ ముందే ఓడిపోతే ఆతిథ్య స్థలాన్ని సంఘం నిర్ణయిస్తుంది.

కాలేజ్ వరల్డ్ సిరీస్: మిగిలిన 8 జట్లు జూన్ నెలలో ఒమాహాలో ఆడతాయి. నాలుగేసి జట్లు గల రెండు సమూహాలలో మళ్ళీ రెండు ఓటముల పద్ధతి అమలవుతుంది. సమూహ విజేతల మధ్య మూడు ఆటల తుది పోరాటం 2003లో ప్రవేశపెట్టబడినది. ఒమాహా మైదానం ఏ జట్టుకూ సొంతం కాదు. కనుక అక్కడ సీడ్ వలన కలిగే ప్రయోజనం దాదాపు ఉండదు.

సీడ్ వలన ప్రయోజనాలు

మొదటి ప్రయోజనం సొంత మైదానం. బేస్‌బాల్‌లో మైదానాలన్నీ ఒకే కొలతలో ఉండవు. వజ్రాకారపు లోపలి భాగం అంతటా ఒకే విధంగా ఉన్నా, బయటి గోడ దూరం, దాని ఎత్తు, గాలి వీచే దిక్కు మైదానాన్ని బట్టి మారుతాయి. ఆటకాలమంతా అక్కడే సాధన చేసిన జట్టుకు ఈ విషయాలు బాగా తెలిసి ఉంటాయి. పైగా దక్షిణాది విశ్వవిద్యాలయాలలో ప్రేక్షకుల సంఖ్య చాలా ఎక్కువ. మిసిసిపీ స్టేట్ విశ్వవిద్యాలయపు డ్యూడీ నోబుల్ మైదానంలో 2023 ఏప్రిల్‌లో ఒక్క ఆటకు 16,423 మంది హాజరైనారు.

రెండవ ప్రయోజనం పిచర్ల విశ్రాంతికి సంబంధించినది. బేస్‌బాల్‌లో పిచర్ స్థానం క్రికెట్‌లో బౌలర్ స్థానం వంటిదే, కాని భారం చాలా ఎక్కువ. ఆట మొదలుపెట్టే పిచర్ ఒకే రోజున వంద బంతుల వరకు వేయవలసి రావచ్చును. కళాశాల జట్లలో అటువంటి పిచర్ సాధారణంగా వారానికి ఒక్కసారి మాత్రమే ఆట మొదలుపెడతాడు. రీజనల్‌లో తొలి ఆట ఓడిన జట్టు ముందుకు వెళ్ళాలంటే వరుసగా నాలుగు ఆటలు గెలవాలి. మూడు నాలుగు రోజులలో అన్ని ఆటలకు సరిపడే పిచర్లు చాలా జట్లకు ఉండరు. మంచి సీడ్ గల జట్టుకు తొలి ఆటలో సమూహంలోని 4వ సంఖ్య జట్టు ఎదురవుతుంది. కనుక అత్యుత్తమ పిచర్‌ను రెండవ ఆటకు దాచుకొనే వీలు కూడా కొన్ని శిక్షకులకు కలుగుతుంది.

మూడవది ప్రయాణ భారం లేకపోవడం. నాలుగవది ఆర్థికమైనది. పోటీల వలన హోటళ్ళకు, భోజనశాలలకు, స్థానిక వ్యాపారాలకు రాబడి ఉంటుంది. అందుచేత చిన్న విశ్వవిద్యాలయ పట్టణాలలో సీడ్ల ప్రకటన ఊరంతా ఎదురు చూసే వార్త.

సీడ్ ఉన్నంత మాత్రాన మైదానం దానంతట అదే లభించదు. విశ్వవిద్యాలయం ముందుగా ఆతిథ్యానికి దరఖాస్తు చేసుకొని, కొంత మొత్తానికి హామీ ఇచ్చి, తగిన సదుపాయాలు చూపవలెను. 2015లో మిసోరీ స్టేట్ జట్టుకు 8వ జాతీయ సీడ్ లభించినది. ఆ జట్టు ఆడే హామన్స్ ఫీల్డ్‌ను ఒక వృత్తి క్రీడా జట్టు కూడా వాడుతున్నందున, సూపర్ రీజనల్ రోజులలో అది ఖాళీగా లేదు. అందువలన మెరుగైన సీడ్ ఉన్నప్పటికీ మిసోరీ స్టేట్ జట్టు ప్రత్యర్థి అయిన ఆర్కాన్సా మైదానానికి వెళ్ళి ఆడవలసి వచ్చినది. ఆ పోటీలో ఆర్కాన్సా గెలిచినది.

ఎంపిక విధానం

జట్లను ఎంపిక చేసి సీడ్లు ఇచ్చే బాధ్యత డివిజన్ 1 బేస్‌బాల్ సంఘానిది. విశ్వవిద్యాలయాల క్రీడా విభాగాధిపతులు, కాన్ఫరెన్సుల అధికారులు ఇందులో సభ్యులుగా ఉంటారు. కాన్ఫరెన్సు అనగా తమలో తాము క్రమం తప్పకుండా ఆడే విశ్వవిద్యాలయాల కూటమి. కాన్ఫరెన్సు విజేతలకు టోర్నమెంటులో నేరుగా చోటు లభిస్తుంది. మిగిలిన స్థానాలను సంఘం తన విచక్షణతో నింపుతుంది. 2025లో 29 జట్లు నేరుగా ప్రవేశించగా, 35 జట్లను సంఘం ఎంపిక చేసినది. నేరుగా ప్రవేశించిన జట్టయినా, ఎంపికైన జట్టయినా జాతీయ సీడ్ మాత్రం సంఘం నిర్ణయం వలననే లభిస్తుంది.

మే నెల చివరి సోమవారం అమెరికాలో మెమోరియల్ డే సెలవు దినం. ఆ రోజున 64 జట్ల పట్టికను ప్రకటిస్తారు. ఆతిథ్యం ఇచ్చే 16 స్థలాల పేర్లు అంతకు ముందు రోజు వెలువడతాయి.

ఆర్.పి.ఐ.

సంఘం పరిశీలించే అంశాలలో ఎక్కువగా చర్చకు వచ్చేది రేటింగ్ పర్సెంటేజ్ ఇండెక్స్. దీనిని క్లుప్తంగా ఆర్.పి.ఐ. అంటారు. దేశంలో సుమారు 300 జట్లు ఉండగా ఒక్కొక్క జట్టు గరిష్ఠంగా 56 ఆటలు మాత్రమే ఆడుతుంది. ఎక్కువ జట్లు ఒకదానితో ఒకటి ఎన్నడూ తలపడవు. కనుక గెలుపుల సంఖ్యను మాత్రమే చూసి జట్లను పోల్చడం సాధ్యం కాదు. ఈ లోపాన్ని పూరించడానికి ఆర్.పి.ఐ.లో మూడు భాగాలను కలుపుతారు.

* జట్టు గెలుపు నిష్పత్తి: 25 శాతం
* ప్రత్యర్థుల గెలుపు నిష్పత్తి: 50 శాతం
* ప్రత్యర్థులతో ఆడిన జట్ల గెలుపు నిష్పత్తి: 25 శాతం

ఈ లెక్కలో జట్టు సొంత ఫలితాలకు నాలుగవ వంతు మాత్రమే విలువ ఉన్నది. మిగిలిన మూడు వంతులు అది ఎవరితో ఆడినదనే విషయంపై ఆధారపడతాయి. ఊహాత్మకమైన ఒక ఉదాహరణతో దీనిని వివరించవచ్చును. మొదటి జట్టు 56 ఆటలలో 46 గెలిచినది అనుకొందాము. దాని గెలుపు నిష్పత్తి 0.821. ప్రత్యర్థులు బలహీనమైనవి కాబట్టి రెండవ భాగం 0.480, మూడవ భాగం 0.490. రెండవ జట్టు 40 ఆటలే గెలిచినది. దాని నిష్పత్తి 0.714. కాని బలమైన ప్రత్యర్థుల వలన మిగిలిన భాగాలు 0.560, 0.530. లెక్క కడితే మొదటి జట్టు ఆర్.పి.ఐ. 0.568 కాగా, రెండవ జట్టుది 0.591. ఆరు ఆటలు తక్కువ గెలిచిన జట్టే పట్టికలో పైన నిలుస్తుంది.

సొంత మైదానం, ప్రత్యర్థి మైదానం

2013 నుండి గెలుపు నిష్పత్తి లెక్కలో మైదానాన్ని కూడా పరిగణిస్తున్నారు. ప్రత్యర్థి మైదానంలో సాధించిన గెలుపును 1.3గా, సొంత మైదానంలో సాధించిన గెలుపును 0.7గా లెక్కిస్తారు. ఓటమి విషయంలో ఇది తారుమారవుతుంది. సొంత మైదానంలో ఓటమి 1.3, ప్రత్యర్థి మైదానంలో ఓటమి 0.7. తటస్థ మైదానంలో ఏదైనా 1.0 గానే ఉంటుంది.

దీని ప్రభావం తక్కువ కాదు. పది ఆటలు సొంత మైదానంలో ఆడి 7 గెలిచి 3 ఓడిన జట్టు నిష్పత్తి ఈ లెక్కలో 0.557 మాత్రమే. అవే ఫలితాలను ప్రత్యర్థి మైదానాలలో సాధించిన జట్టు నిష్పత్తి 0.813 వరకు ఉంటుంది. కనుక ప్రయాణం చేసి ఆడడానికి వెనుకాడని జట్టుకు ఈ పద్ధతి మేలు చేస్తుంది.

ఇతర అంశాలు

ఆర్.పి.ఐ. క్రమాన్ని సంఘం యథాతథంగా అనుసరించదు. ఆర్.పి.ఐ.లో ముందున్న జట్లపై సాధించిన గెలుపులు, కాన్ఫరెన్సు పట్టికలో స్థానం, ఆటల జాబితా కఠినత, బలహీన జట్ల చేతిలో ఓటములు, ఆటకాలం చివరి వారాలలో ఫలితాలు మొదలైనవాటిని కూడా పరిశీలిస్తుంది. పత్రికలు ప్రకటించే ర్యాంకులకు ఎంపికలో అధికారికంగా స్థానం లేదు. బేస్‌బాల్ అమెరికా వంటి పత్రికలు ఆటకాలం నడుమ సీడ్ల అంచనాలను ప్రచురిస్తుంటాయి. అవి అంచనాలు మాత్రమే.

ఆటకాలంలో అవకాశాల హెచ్చుతగ్గులు

కళాశాల ఆటకాలం ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. తొలి నాలుగు వారాలలో జట్లు ఇతర కాన్ఫరెన్సుల జట్లతో ఆడతాయి. ఈ ఆటల విలువ అప్పుడే తెలియదు. ఫిబ్రవరిలో ఓడించిన ప్రత్యర్థి తరువాత బాగా ఆడితే ఆ గెలుపు విలువ మే నెలలో పెరుగుతుంది. అది పతనమైతే గెలుపు విలువ కూడా తగ్గుతుంది. తాను ఆడని రోజున కూడా జట్టు స్థానం మారడానికి కారణం ఇదే.

మార్చి నుండి కాన్ఫరెన్సు పోటీలు మొదలవుతాయి. శుక్ర, శని, ఆదివారాలలో ఒకే ప్రత్యర్థితో మూడు ఆటలు జరుగుతాయి. మంగళ, బుధవారాలలో సమీపంలోని చిన్న విశ్వవిద్యాలయాలతో విడి ఆటలు ఉంటాయి. పెద్ద జట్ల అవకాశాలకు ఎక్కువగా గండి కొట్టేవి ఈ వారం మధ్య ఆటలే. ప్రధాన పిచర్లను వారాంతానికి దాచి, అనుభవం లేని పిచర్లతో ఆడించినప్పుడు చిన్న జట్టు చేతిలో ఓటమి ఎదురు కావచ్చును. సొంత మైదానంలో అటువంటి ఓటమి 1.3గా లెక్కకు వస్తుంది. గెలిచినా కూడా బలహీనమైన ప్రత్యర్థి నిష్పత్తి రెండవ భాగంలో చేరి ఆర్.పి.ఐ.ని తగ్గించవచ్చును.

మే చివరి వారంలో కాన్ఫరెన్సు టోర్నమెంట్లు జరుగుతాయి. 8వ, 9వ స్థానాల మధ్య, అలాగే 16వ, 17వ స్థానాల మధ్య ఊగిసలాడే జట్లకు ఇవి కీలకమైనవి. 8వ సీడ్‌కు సూపర్ రీజనల్ సొంత ఊరిలో దక్కే హక్కు ఉండగా, 9వ సీడ్ పొందిన జట్టు ఎనిమిదవ జట్టు ముందే ఓడితే తప్ప ప్రయాణం చేయవలెను. 17వ స్థానంలోని జట్టుకు తొలి దశలోనే సొంత మైదానం ఉండదు.

ఉత్తర ప్రాంతపు జట్ల సమస్య

కళాశాల బేస్‌బాల్‌లో వాతావరణం ప్రధాన పాత్ర వహిస్తుంది. ఫిబ్రవరిలో మిచిగన్, ఇండియానా, ఇల్లినాయ్, ఒహాయో వంటి ఉత్తర రాష్ట్రాలలో మైదానాలు మంచుతో నిండి ఉంటాయి. అక్కడి జట్లు తొలి వారాలన్నీ ఫ్లోరిడా, టెక్సస్, కరోలినా రాష్ట్రాలకు వెళ్ళి ఆడతాయి. అప్పటికి అవి ఆరుబయట సాధన చేసిన రోజులు కూడా తక్కువే. దక్షిణాది జట్లు అదే కాలంలో సొంత మైదానంలో వరుసగా ఆడుతుంటాయి.

దీని ఫలితం చరిత్రలో కనబడుతుంది. బిగ్ టెన్ కాన్ఫరెన్సుకు చెందిన మిచిగన్ 1962లో, మిన్నెసోటా 1964లో, ఒహాయో స్టేట్ 1966లో విజేతలైనాయి. ఆ తరువాత 2025 వరకు ఆ కాన్ఫరెన్సు జట్టు ఏదీ విజేత కాలేదు. 2013లో ఇండియానా జట్టు ఒమాహాకు చేరినది. బిగ్ టెన్ జట్టు ఒకటి అక్కడికి చేరడం 1984 తరువాత అదే మొదటిసారి. మరుసటి సంవత్సరం ఇండియానాకు 4వ జాతీయ సీడ్ లభించినా, సొంత రీజనల్‌లో స్టాన్‌ఫర్డ్ చేతిలో ఓడినది. 2015లో ఇల్లినాయ్ జట్టు 6వ సీడ్ పొందినది. అది సూపర్ రీజనల్‌లో వాండర్‌బిల్ట్ చేతిలో ఓడినది. 2019లో సీడ్ లేని మిచిగన్ జట్టు మొదటి సీడ్ అయిన యు.సి.ఎల్.ఎ.ను ఓడించి, తుది పోరాటం వరకు వెళ్ళి వాండర్‌బిల్ట్ చేతిలో పరాజయం పొందినది.

మైదానాన్ని బట్టి గెలుపు విలువను మార్చే 2013 నాటి సవరణ ఇటువంటి జట్లకు కొంత ఊరట కలిగించినది. అయితే ఆర్.పి.ఐ.లో సగం విలువ ప్రత్యర్థుల బలానిదే. బలహీనమైన కాన్ఫరెన్సులో ఉన్న జట్టు ఎంత ప్రయాణించినా ఏప్రిల్, మే నెలలలో తన కాన్ఫరెన్సు జట్లతోనే ఆడక తప్పదు.

మొదటి సీడ్ల ఫలితాలు

1999లో జిమ్ మోరిస్ శిక్షణలోని మయామీ జట్టు తుది ఆటలో ఫ్లోరిడా స్టేట్‌ను 6-5 తేడాతో ఓడించి, మొదటి సీడ్‌తో విజేతగా నిలిచినది. 2014 నుండి 2025 వరకు జరిగిన 11 టోర్నమెంటులలో మొదటి సీడ్ పొందిన జట్ల ఫలితాలు ఇవి.

* 2014 - ఒరెగన్ స్టేట్: సొంత రీజనల్‌లో నిష్క్రమణ. ఆ సమూహంలో యు.సి. అర్వైన్ గెలిచినది.
* 2015 - యు.సి.ఎల్.ఎ.: సొంత రీజనల్‌లో నిష్క్రమణ. ఆ సమూహంలో మేరీల్యాండ్ గెలిచినది.
* 2016 - ఫ్లోరిడా: ఒమాహాలో ఆడిన రెండు ఆటలలోను ఓటమి.
* 2017 - ఒరెగన్ స్టేట్: ఒమాహాలో ఎల్.ఎస్.యు. చేతిలో ఓటమి.
* 2018 - ఫ్లోరిడా: ఒమాహాలో ఆర్కాన్సా చేతిలో ఓటమి.
* 2019 - యు.సి.ఎల్.ఎ.: సూపర్ రీజనల్‌లో మిచిగన్ చేతిలో ఓటమి.
* 2021 - ఆర్కాన్సా: సూపర్ రీజనల్‌లో నార్త్ కరోలినా స్టేట్ చేతిలో ఓటమి.
* 2022 - టెన్నెసీ: సూపర్ రీజనల్‌లో నోటర్ డేమ్ చేతిలో ఓటమి.
* 2023 - వేక్ ఫారెస్ట్: ఒమాహాలో ఎల్.ఎస్.యు. చేతిలో ఓటమి.
* 2024 - టెన్నెసీ: విజేత.
* 2025 - వాండర్‌బిల్ట్: సొంత రీజనల్‌లో నిష్క్రమణ. ఆ సమూహంలో లూయివిల్ గెలిచినది.

ఈ 11 జట్లలో ఆరు ఒమాహాకు చేరకుండానే ఓడిపోయాయి. ఓడిన జట్లు బలహీనమైనవేమీ కావు. 2017 నాటి ఒరెగన్ స్టేట్ జట్టు ఆ సంవత్సరం 56 ఆటలు గెలిచి 6 మాత్రమే ఓడినది. 2021లో ఆర్కాన్సా జట్టు సూపర్ రీజనల్ తొలి ఆటను 21-2 తేడాతో గెలిచినది. తరువాతి రెండు ఆటలను 6-5, 3-2 తేడాతో పోగొట్టుకొన్నది. మూడు ఆటలలో కలిపి 28 పరుగులు చేసిన జట్టు ఇంటికి వెళ్ళగా, 11 పరుగులు చేసిన జట్టు ఒమాహాకు వెళ్ళినది.

టెన్నెసీ జట్టు 2022లో 158 హోమ్ రన్‌లు కొట్టి, 57 గెలుపులు, 9 ఓటములతో ఆటకాలాన్ని ముగించినది. అయినా సొంత మైదానంలో నోటర్ డేమ్ చేతిలో 2-1 తేడాతో సూపర్ రీజనల్‌ను కోల్పోయినది. టోనీ విటెల్లో శిక్షణలోనే 2024లో మళ్ళీ మొదటి సీడ్ పొందిన టెన్నెసీ, తుది పోరాటంలో 3వ సీడ్ అయిన టెక్సస్ ఎ&ఎమ్‌తో తొలి ఆట ఓడి, తరువాతి రెండు ఆటలు గెలిచినది. టెన్నెసీ విశ్వవిద్యాలయానికి బేస్‌బాల్‌లో ఇది తొలి జాతీయ విజయం.

2025 టోర్నమెంటు

సీడ్ల విలువను, పరిమితులను ఒకేచోట చూపిన టోర్నమెంటు 2025 నాటిది. ఆ సంవత్సరపు 16 జాతీయ సీడ్లు వరుసగా ఇవి: 1. వాండర్‌బిల్ట్, 2. టెక్సస్, 3. ఆర్కాన్సా, 4. ఆబర్న్, 5. నార్త్ కరోలినా, 6. ఎల్.ఎస్.యు., 7. జార్జియా, 8. ఒరెగన్ స్టేట్, 9. ఫ్లోరిడా స్టేట్, 10. ఓల్ మిస్, 11. క్లెమ్సన్, 12. ఒరెగన్, 13. కోస్టల్ కరోలినా, 14. టెన్నెసీ, 15. యు.సి.ఎల్.ఎ., 16. సదరన్ మిస్.

ఈ 16 జట్లలో 8 జట్లు ఆగ్నేయ రాష్ట్రాల కూటమి అయిన సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్సుకు చెందినవి. మొత్తం 64 జట్లలో 13 ఆ కాన్ఫరెన్సువే. ఒకే కాన్ఫరెన్సు నుండి అన్ని జట్లు ఎంపిక కావడం అదే ప్రథమం.

ఆతిథ్యం ఇచ్చిన 16 జట్లలో 9 మాత్రమే రీజనల్‌ను గెలిచాయి. మొదటి సీడ్ వాండర్‌బిల్ట్ అంతకు కొద్ది రోజుల ముందే తన కాన్ఫరెన్సు టోర్నమెంటును గెలిచినది. అయితే రీజనల్‌లో లూయివిల్ చేతిలో, తరువాత రైట్ స్టేట్ చేతిలో ఓడినది. రెండవ సీడ్ టెక్సస్ సమూహంలో శాన్ ఆంటోనియోలోని టెక్సస్ విశ్వవిద్యాలయం జట్టు గెలిచినది. ఓల్ మిస్ ఆతిథ్యం ఇచ్చిన సమూహంలో 4వ సంఖ్య జట్టుగా ఉన్న మరే స్టేట్ గెలిచి, సూపర్ రీజనల్‌లో డ్యూక్‌ను ఓడించి ఒమాహాకు చేరినది. 13వ సీడ్ కోస్టల్ కరోలినా 4వ సీడ్ ఆబర్న్‌ను దాని సొంత మైదానంలోనే ఓడించి తుది పోరాటం వరకు వెళ్ళినది. అక్కడ 6వ సీడ్ ఎల్.ఎస్.యు. రెండు వరుస ఆటలలో గెలిచి విజేతగా నిలిచినది.

కాన్ఫరెన్సు లేని ఒరెగన్ స్టేట్

2025లో 8వ సీడ్ పొందిన ఒరెగన్ స్టేట్ ఉదాహరణ ప్రత్యేకమైనది. పాక్-12 కాన్ఫరెన్సు నుండి ఎక్కువ విశ్వవిద్యాలయాలు 2024లో వెళ్ళిపోవడంతో ఈ జట్టు 2025లో ఏ కాన్ఫరెన్సులోనూ లేకుండా ఆడవలసి వచ్చినది. దీని వలన నేరుగా ప్రవేశించే మార్గం మూసుకొనిపోయినది. కాన్ఫరెన్సు జట్లు తమలో తాము ఆడుతున్న వారాంతాలలో ప్రత్యర్థులను వెదుక్కోవలసి వచ్చి, తరచు దూర ప్రాంతాలకు ప్రయాణించినది. ప్రత్యర్థి మైదానాలలో గెలుపులకు ఎక్కువ విలువ ఉన్న పద్ధతిలో ఈ భారమే కొంత మేలు చేసినది.

సీడ్ వలన దక్కిన సొంత మైదానం ఈ జట్టుకు ఎంతో అవసరమైనది. రీజనల్ తొలి ఆటలో సెయింట్ మేరీస్ చేతిలో ఓడిన ఒరెగన్ స్టేట్, తరువాత వరుసగా నాలుగు ఆటలు గెలిచి ముందుకు సాగినది. ఎనిమిదవ సీడ్ కాబట్టి 9వ సీడ్ అయిన ఫ్లోరిడా స్టేట్ జట్టే కొర్వాలిస్ పట్టణానికి వచ్చి ఆడవలసి వచ్చినది. ఆ పోటీని గెలిచి ఒరెగన్ స్టేట్ ఒమాహాకు చేరినది. ఈ రెండు జట్ల స్థానాలు తారుమారై ఉంటే సూపర్ రీజనల్ ఫ్లోరిడాలో జరిగి ఉండేది.

సీడ్ లేని విజేతలు

ఎనిమిది సీడ్ల కాలంలో సీడ్ లేని జట్లు విజేతలు కావడం అరుదు కాదు. 2012లో అరిజోనా, 2013లో యు.సి.ఎల్.ఎ., 2014లో వాండర్‌బిల్ట్, 2015లో వర్జీనియా, 2016లో కోస్టల్ కరోలినా విజేతలైనాయి. వరుసగా ఐదు సంవత్సరాలు విజేతలకు జాతీయ సీడ్ లేదు.

వీటన్నిటి కంటె ఆశ్చర్యకరమైనది 2008లో ఫ్రెస్నో స్టేట్ విజయం. తన రీజనల్‌లో 4వ సంఖ్య జట్టుగా అడుగు పెట్టిన ఫ్రెస్నో స్టేట్, సూపర్ రీజనల్‌లో 3వ జాతీయ సీడ్ అరిజోనా స్టేట్‌ను, తుది పోరాటంలో 8వ సీడ్ జార్జియాను ఓడించినది. ఆ సంవత్సరం జట్టు మొత్తం ఫలితాలు 47 గెలుపులు, 31 ఓటములు. 64 జట్ల పద్ధతి మొదలైన తరువాత 2025 వరకు సమూహంలో 4వ సంఖ్య జట్లు నాలుగు మాత్రమే ఒమాహాకు చేరాయి. అవి ఫ్రెస్నో స్టేట్ (2008), స్టోనీ బ్రూక్ (2012), ఓరల్ రాబర్ట్స్ (2023), మరే స్టేట్ (2025).

16 సీడ్ల పద్ధతి వచ్చిన తరువాత 2025 వరకు జరిగిన ఏడు టోర్నమెంటులలో విజేతల సీడ్లు వరుసగా 3, 2, 7, సీడ్ లేదు, 5, 1, 6. సీడ్ లేని విజేత 2022 నాటి ఓల్ మిస్. సంఘం చివరగా ఎంపిక చేసిన కొద్ది జట్లలో అది ఒకటి. అంటే ఆ కాలంలో విజేతలైన జట్లలో ఆరు మొదటి ఎనిమిది సీడ్లలోనివే. మొదటి సీడ్‌కు, ఐదవ సీడ్‌కు మధ్య తేడా స్వల్పమని, ఎనిమిదిలోపు ఉండడం మాత్రం విలువైనదని ఈ ఫలితాలను బట్టి చెప్పవచ్చును.

విమర్శలు

సీడ్ల నిర్ణయంపై ప్రతి సంవత్సరం విమర్శలు వస్తూ ఉంటాయి. వాటిలో ప్రధానమైనవి ఇవి.

* ఆర్.పి.ఐ. గెలుపు, ఓటములను మాత్రమే గుర్తిస్తుంది. ఒక్క పరుగు తేడాతో గెలుపుకు, పదిహేను పరుగుల తేడాతో గెలుపుకు ఒకే విలువ ఉంటుంది.
* బలమైన కాన్ఫరెన్సులోని జట్టుకు ఓటమి వలన కలిగే నష్టం తక్కువ. ఓడించిన ప్రత్యర్థి గెలుపులు తిరిగి దాని లెక్కలోనే చేరుతాయి.
* చిన్న కాన్ఫరెన్సులోని జట్టు దాదాపు అన్ని ఆటలు గెలిచినా మొదటి ఎనిమిది స్థానాలలోకి రావడం కష్టం. 2025లో తుది పోరాటానికి చేరిన కోస్టల్ కరోలినాకు 13వ సీడ్ మాత్రమే లభించడాన్ని దీనికి ఉదాహరణగా చెప్పవచ్చును.
* ఆతిథ్యానికి దరఖాస్తు, ఆర్థిక హామీ, మైదాన సదుపాయాలు అవసరం కావడం వలన ధనిక విశ్వవిద్యాలయాలకు అనుకూలత ఎక్కువ.

ఈ పద్ధతిని సమర్థించే వాదన కూడా ఉన్నది. వేరువేరు ప్రాంతాలలో, వేరువేరు ప్రత్యర్థులతో ఆడిన 300 జట్లను పోల్చడానికి ఏదో ఒక ఉమ్మడి కొలత అవసరం. ఆర్.పి.ఐ. సూత్రం బహిరంగమైనది, ఎవరైనా లెక్కించి సరిచూసుకొనగలిగినది. ఆపైన సంఘానికి విచక్షణాధికారం ఉన్నందున లెక్కలోని లోపాలను కొంతవరకు సవరించే అవకాశం ఉన్నది.

ఇవి కూడా చూడండి

* బేస్‌బాల్
* కాలేజ్ వరల్డ్ సిరీస్
* ఒమాహా
* నేషనల్ కాలేజియేట్ అథ్లెటిక్ అసోసియేషన్
* సౌత్ఈస్టర్న్ కాన్ఫరెన్సు